ఒక్క రూల్ మార్చి చూడండి

1971 ప్రాంతం. అమెరికాలోని మినియాపొలిస్, సెయింట్ పాల్ జంట నగరాలు. డేవ్ ఆర్నెసన్ అనే యువకుడు బ్లాక్‌మూర్ అనే కల్పిత సీమను సృష్టించి, అందులో స్నేహితులతో ఆట ఆడిస్తున్నాడు. పోరాటాలకు వాడుతున్నది ‘చెయిన్‌మెయిల్’ అనే యుద్ధక్రీడ రూల్స్. అందులో మామూలు సైనికుడు ఒక్క దెబ్బ తింటే పోయినట్టే. బొమ్మ సైనికుల దండును నడిపేవాడికి అదో లెక్క కాదు, ఒకడు పోతే వెనక పదిమంది ఉంటారు. కానీ బ్లాక్‌మూర్‌లో ఒక్కొక్కరికి ఒక్కటే పాత్ర. దానికి పేరు పెట్టుకున్నారు, వెనక ఓ కథ అల్లుకున్నారు. ఒక్క పాచిక పడగానే అదంతా పోతుంటే ఎవరికి మనసొప్పుతుంది? ఆర్నెసన్ వాళ్ల బాధ విన్నాడు. అంతకుముందు ఇనుప యుద్ధనౌకల ఆట కోసం తాను రాసుకున్న రూల్స్‌లోంచి ఒక పద్ధతి తీసుకొచ్చాడు. ఓడ ఒక్క గుండుకే మునిగిపోదు, కొన్ని దెబ్బలు తట్టుకుంటుంది. మనిషికీ అలాగే కొంత ఓర్పు ఇచ్చాడు. అవే హిట్ పాయింట్లు. 1974లో గ్యారీ గైగాక్స్‌తో కలిసి తెచ్చిన ‘డంజన్స్ అండ్ డ్రాగన్స్’లో అవి అచ్చులోకి ఎక్కాయి. ఇవాళ వీడియో గేముల్లో హీరో తల మీద తరిగిపోతూ కనిపించే గీత అక్కడి నుంచి వచ్చిందే. కోట్లమంది వాడుకున్న ఆ పద్ధతి, స్నేహితుల బాధ చూసి ఒకడు పెట్టిన హౌస్ రూల్, అంటే పుస్తకంలో లేకుండా ఆడేవాళ్లే పెట్టుకున్న సొంత రూల్.

రూల్ మార్చడం నేర్చుకోదగిన విద్య. మనలో చాలామందికి రూల్ పాటించడం వచ్చు, తప్పించుకోవడం వచ్చు, దాని మీద విసుక్కోవడం ఇంకా బాగా వచ్చు. నలుగురినీ ఒప్పించి, మార్చి, ఫలితం చూసి, పనికిరాకపోతే తీసేయడం మాత్రం అలవాటు తప్పిపోయింది. చిన్నప్పుడు గల్లీ క్రికెట్‌లో అది బాగానే వచ్చేది. బంతి పక్కింటి కిటికీకి తగులుతోందని తెలిసిన రోజే ‘గోడ దాటితే అవుట్’ అనుకున్నాం. ఎవరూ సర్క్యులర్ పంపలేదు. పెద్దయ్యాక ఆ చొరవ ఎక్కడో జారిపోయింది. ఆఫీసు రూల్స్ మన చేతిలో ఉండవు. ఇంట్లో మారుద్దామంటే పాత లెక్కలు అడ్డొస్తాయి. ఆటలో అయితే నలుగురైదుగురు మనుషులు, మూడు నాలుగు గంటలు. మార్చిన రూల్ మంచిదో చెడ్డదో ఆ రాత్రికే తెలిసిపోతుంది. అందులోనూ భయం, నష్టం, మరణం కథావస్తువులుగా ఉండే చీకటి ఆటల్లో రూల్ బెడిసికొడితే మనుషులకే తగులుతుంది. అందుకే ఈ విద్యకు అంతకంటే మంచి బడి నాకు తెలియదు.

టేబుల్‌టాప్ రోల్‌ప్లేయింగ్ గేమ్ ఎప్పుడూ ఆడనివాళ్ల కోసం ఒక్క మాట. ఒకరు గేమ్ మాస్టర్. లోకాన్ని, అందులోని మనుషుల్ని, రాక్షసుల్ని వాళ్లే నడిపిస్తారు. మిగతావాళ్లు తలా ఒక పాత్ర. ‘తలుపు తీస్తాను’ అని మీరంటే, తలుపు వెనక ఏముందో గేమ్ మాస్టర్ చెబుతారు. జరుగుతుందో లేదో తెలియని చోట పాచికలు తేలుస్తాయి. గెలిచినవాడు, ఓడినవాడు ఉండరు. మిగిలేది కథ. 1981లో శాండీ పీటర్సన్ రూపొందించిన ‘కాల్ ఆఫ్ కథుల్హు’తో ఈ ఆటల్లోకి అసలైన భయం వచ్చింది. అందులో ఒంటి బలంతో పాటు మనసు నిబ్బరానికీ పాయింట్లు ఉంటాయి. చూడకూడనిది చూసినప్పుడల్లా అవి తగ్గుతాయి. ఒకే దెబ్బకు ఐదు గానీ అంతకు మించి గానీ పోతే, పాత్ర తెలివితేటల మీద పాచిక వేయాలి. ఆ పాచికలో నెగ్గితేనే మతి తప్పుతుంది! ఎందుకంటే నెగ్గినవాడికి తాను చూసిందేమిటో అర్థమైంది. అర్థం కానివాడు బతికిపోయాడు. ఒక రూల్‌లో ఇంత లోకజ్ఞానం పట్టించవచ్చని చూపిన ఆట అది.

ముందు నొప్పి చెప్పండి, తర్వాత మందు

మీ గ్రూప్‌లో ఎవరో అంటారు, ‘మన ఆటలో భయం లేదు, ఇంకాస్త డార్క్ చేద్దాం’. వెంటనే ఎవరో ఇంటర్నెట్‌లో దొరికిన పట్టిక ఒకటి తెస్తారు. ఇరవై ముఖాల పాచిక మీద 1 పడితే కత్తి జారిపోవడమో, సొంత కాలు నరుక్కోవడమో అందులో ఉంటుంది. అందరూ ఉత్సాహంగా ఒప్పుకుంటారు. ఆగండి. కాగితం, పెన్ను తీసుకోండి.

1 పడే అవకాశం ఇరవైలో ఒకటి, అంటే 5 శాతం. డంజన్స్ అండ్ డ్రాగన్స్ ఐదో ఎడిషన్‌లో కొత్త యోధుడు తన వంతులో ఒకసారి కత్తితో దాడి చేస్తాడు. నాలుగు వంతుల పోరాటంలో వాడికి కనీసం ఒక్కసారైనా 1 పడే అవకాశం 18 శాతం పైచిలుకు. ఇరవయ్యో స్థాయికి చేరిన మహాయోధుడు ఒక్కో వంతులో నాలుగుసార్లు దాడి చేస్తాడు. అదే పోరాటంలో పదహారు పాచికలు. కనీసం ఒక్కసారి 1 పడే అవకాశం 56 శాతం. ప్రపంచంలోకెల్లా గొప్ప కత్తివీరుడు సగానికి పైగా పోరాటాల్లో కత్తి జారవిడుచుకుంటాడన్నమాట. పక్కనే ఉన్న మాంత్రికుడు పేల్చే నిప్పుబంతికి దాడి పాచికే అక్కర్లేదు, తప్పించుకునే పాచిక ఎదుటివాడు వేసుకోవాలి. అతనికి ఈ శిక్ష తగలదు. భయం కోసం పెట్టిన రూల్, ఎక్కువ సాధన చేసినవాడినే పట్టుకుని కొడుతోంది.

ఈ లెక్కకు ఐదు నిమిషాలు చాలు. కానీ అంతకంటే ముందు పడాల్సిన అడుగు ఒకటుంది. మీకున్న నొప్పి ఏమిటో ఒక్క వాక్యంలో రాయండి. ‘భయం లేదు’ అని రాస్తే అది ఫిర్యాదు. ‘పడిపోయినవాడు ఒక్క మంత్రంతో లేచి కూర్చుంటున్నాడు, అందుకే పడిపోవడానికి ఎవరూ వెరవడం లేదు’ అని రాస్తే అది సమస్య. ఫిర్యాదుకు వంద మందులు కనిపిస్తాయి. సమస్యను ఇంత సూటిగా చెబితే మందులు రెండో మూడో మిగులుతాయి, వాటిలోంచి ఎంచుకోవడం తేలిక. ఈ ఒక్క అలవాటు పట్టుబడితే మీరు పాల్గొనే ప్రతి మీటింగ్ సగానికి తగ్గుతుందని నా గట్టి నమ్మకం.

రెండు రూల్స్ ఒకేసారి వద్దు

ఇప్పుడు చెప్పిన సమస్యకు చాలామంది వాడే మందు ఒకటుంది. పడిపోయి లేచిన ప్రతిసారీ పాత్రకు ఒక మెట్టు అలసట. 2014 నాటి ఐదో ఎడిషన్‌లో అలసటకు ఆరు మెట్లు. మొదటి మెట్టులో పనులు కష్టమవుతాయి, రెండో మెట్టులో నడక సగమవుతుంది, ఆరో మెట్టు మరణం. ఒక రాత్రి సరిగ్గా తిని పడుకుంటే ఒక మెట్టు దిగుతుంది. న్యాయమైన రూలే.

అదే ఎడిషన్ గేమ్ మాస్టర్ల పుస్తకంలో ఇంకో ఐచ్ఛిక రూల్ ఉంది. చిన్న విశ్రాంతి గంటకు బదులు ఎనిమిది గంటలు, పెద్ద విశ్రాంతి ఎనిమిది గంటలకు బదులు ఏడు రోజులు. లోకం మొరటుగా, కష్టంగా అనిపించాలనుకునేవాళ్ల కోసం పెట్టారు. ఇదీ న్యాయమే. ఉత్సాహం కొద్దీ ఈ రెంటినీ ఒకే రోజున మొదలుపెట్టండి, ఏం జరుగుతుందో చూడండి. ఒక పోరాటంలో రెండుసార్లు పడినవాడు మామూలు మనిషి కావడానికి పద్నాలుగు రోజులు. ముందుండి అందరికీ అడ్డు నిలిచే పాత్రే ఎక్కువసార్లు పడుతుంది కాబట్టి, పక్షాల తరబడి మంచమెక్కేదీ అదే. మిగతావాళ్లు దాని కోసం ఆగుతారు. ఆగితే కథలో శత్రువు ముందుకెళ్లిపోతాడు. ఆగకపోతే మీ స్నేహితుడు నడక సగమైన పాత్రతో తర్వాతి సెషన్లన్నీ కూర్చుంటాడు. తప్పు అలసటదా, విశ్రాంతిదా? రెండూ ఒకేసారి మార్చారు కాబట్టి ఎవరూ చెప్పలేరు. వాదన మొదలవుతుంది, చివరికి రెండు రూల్సూ చెత్తబుట్టలోకి పోతాయి. మంచి రూల్ కూడా పోతుంది.

జీవితంలో మనం చేసేదీ ఇదే కాదూ? జనవరి ఒకటిన తిండి, నిద్ర, వ్యాయామం, ఫోన్ అన్నీ ఒకేసారి మార్చేస్తాం. పదో తారీఖుకు ఏది కుదిరిందో, ఏది కుదరలేదో తెలియకుండానే అన్నీ వదిలేస్తాం. ఒక్కటి మార్చండి. గడువు పెట్టండి. ‘మూడు సెషన్ల దాకా ఈ రూల్. తర్వాత ఎవరూ ఏమీ అనకపోతే పాత రూలే తిరిగొస్తుంది.’ ఇందులో రెండో వాక్యం ముఖ్యం. అది ఉంటే, రూల్ నచ్చనివాడు గొడవపడి దాన్ని తీయించాల్సిన పని ఉండదు. నచ్చినవాళ్లే నిలబెట్టుకోవాలి.

శిక్ష కాదు, బేరం

చీకటి ఆటల్ని రూపొందించినవాళ్లలో ఉత్తములు కనిపెట్టిన రహస్యం నాకు చాలా ఇష్టం. ఊడిపడే నష్టం మనిషిని అదరగొడుతుంది, అంతే. తాను చేతులారా ఎంచుకున్న నష్టం మనిషితో పాటు ఇంటికి వస్తుంది.

పాత తరం డంజన్స్ అండ్ డ్రాగన్స్ అభిమానుల్లో బాగా పాకిన ఒక హౌస్ రూల్ చూడండి. ప్రాణం తీసే దెబ్బ పడబోతున్నప్పుడు, ఆటగాడు కావాలనుకుంటే దాన్ని తన డాలు మీద కాచుకోవచ్చు. డాలు ముక్కలైపోతుంది, దెబ్బ తగలదు. రెండే వాక్యాల రూల్. కానీ అప్పటిదాకా కాగితం మీద ఒక అంకెగా ఉన్న డాలు ఒక్కసారిగా ప్రాణమంత విలువైన వస్తువవుతుంది. ఇప్పుడే వాడాలా, లోపల ఇంకా పెద్దది ఉందేమో దాచుకోవాలా? భయమంతా ఆ తటపటాయింపులోనే ఉంది.

‘డెల్టా గ్రీన్’లో ఈ బేరం ఇంకా లోతుకు వెళ్తుంది. అందులో పాత్రలు రహస్యంగా పనిచేసే ప్రభుత్వ ఏజెంట్లు. ప్రతి పాత్రకూ బంధాలుంటాయి. భార్య, కూతురు, పాత మిత్రుడు, ఒక్కో బంధానికి ఒక అంకె. ఘోరమైనది చూసి మనసు చెదరబోతున్నప్పుడు, ఆ దెబ్బలో కొంత భాగాన్ని ఏదైనా ఒక బంధం మీదికి మళ్లించవచ్చు. మీ నిబ్బరం నిలుస్తుంది, కూతురితో బంధం ఆ మేరకు తెగుతుంది. ఉద్యోగంలో పడ్డ ఒత్తిడిని ఇంటికి తెచ్చి ఇంట్లోవాళ్ల మీద చూపే మనిషిని ఇంత సూటిగా పట్టుకున్న రూల్ ఇంకోటి నేను చూడలేదు. ఆ అంకె తగ్గించి రాసుకునేటప్పుడు ఎవరి ముఖమైనా చూడండి, నవ్వు ఉండదు.

‘డ్రెడ్’ ఆటలో పాచికలే లేవు. మధ్యలో జెంగా చెక్కముక్కల గోపురం ఉంటుంది. కష్టమైన పని చేయాలంటే ఒక ముక్క లాగి పైన పెట్టాలి. గోపురం కూలితే మీ పాత్ర కథలోంచి పోతుంది. లాగనని చెప్పే హక్కు కూడా మీకుంది, కాకపోతే ఆ పని ఓడిపోతారు. ఇంకో దారీ ఉంది. గోపురాన్ని కావాలనే చేత్తో కూల్చేసి, అనుకున్నది సాధించి, తోటివాళ్లను కాపాడి పోవచ్చు. ఓటమి, త్యాగం, తెగింపు మూడూ రూల్‌లోనే ఉన్నాయి, ఎంపిక మాత్రం ఆడేవాళ్లది.

కాబట్టి మీరు కొత్త రూల్ రాసేటప్పుడు చివరి వాక్యాన్ని ఇలా మార్చి చూడండి. ‘పాత్ర వేలు కోల్పోతుంది’ అన్న చోట ‘ఆటగాడు వేలు వదులుకుని దెబ్బ తప్పించుకోవచ్చు’. కథలో జరిగే నష్టం అంతే, కానీ రెండో వాక్యంలో మనిషి ఉన్నాడు. టీమ్‌ను నడిపేవాళ్లు, పిల్లల్ని పెంచేవాళ్లు ఈ తేడాను తమ పనిలోనూ పరీక్షించి చూడవచ్చు.

మొహమాటం దగ్గర జాగ్రత్త

ఇక అసలు విషయం. చీకటి ఆటలో ఏదో ఒక రోజు కథ ఒకరి గుండెలో పుండును తాకుతుంది. చనిపోయిన పసిబిడ్డ, ఉరితాడు, తాగి కొట్టే తండ్రి, నీళ్లలో మునిగిపోవడం. కథ చెప్పేవాడికి అది సన్నివేశం. వినే ఐదుగురిలో ఒకరికి అది మొన్నటి జ్ఞాపకం కావచ్చు.

అప్పుడు మనవాళ్లు ఏం చేస్తారో మీకు తెలుసు. ‘ఈ సీన్ వద్దురా’ అనరు. నవ్వేస్తారు. నీళ్ల సీసా అందుకుంటారు. వచ్చే వారం ‘ఆఫీసులో పనుందిరా’ అని మెసేజ్ పెడతారు. ఆ పై వారం ఊరెళ్తారు. నెల తిరిగేసరికి గ్రూప్‌లోంచి ఒక మనిషి తగ్గిపోతాడు, ఎందుకో ఎవరికీ తెలియదు. హైదరాబాద్ బోర్డ్‌గేమ్ కఫేలో ఆడినా, డాలస్‌లో శుక్రవారం రాత్రి ఒకరింట్లో చేరి ఆడినా మన మొహమాటం మన వెంటే వస్తుంది. పది మంది ముందు ఆట ఆపడం తప్పన్నట్టు పెరిగాం మరి. దీనికి ధైర్యం చెప్పి లాభం లేదు. మాట్లాడనవసరం లేని దారి చూపాలి.

అలాంటి దారులు ఇప్పటికే ఉన్నాయి. గేమ్ డిజైనర్ రాన్ ఎడ్వర్డ్స్ ప్రచారంలోకి తెచ్చిన పద్ధతిలో ఆట మొదలుకాకముందే గ్రూప్ రెండు జాబితాలు రాసుకుంటుంది. ఒకటి గీతలు, మన కథలోకి అసలు రాకూడనివి. రెండోది తెరలు, కథలో ఉండవచ్చు కానీ కళ్లకు కట్టినట్టు వర్ణించకూడనివి. తలుపు మూసుకుంటుంది, కథ మర్నాడు పొద్దుటికి వెళ్లిపోతుంది. న్యూయార్క్‌కు చెందిన జాన్ స్టావ్రోపౌలోస్ రూపొందించిన ఎక్స్-కార్డ్ ఇంకా సులువు. X అని రాసిన కార్డు ఒకటి మధ్యలో పెడతారు. ఎవరైనా దాన్ని తాకితే ఆ విషయం కథలోంచి పోతుంది. కారణం చెప్పనక్కర్లేదు. ఎవరూ అడగకూడదు కూడా.

ఆ అడగకపోవడమే ఈ పద్ధతికి ప్రాణం. మనం ఎంత ప్రేమతో ‘ఏమైందిరా?’ అన్నా, అవతలివాడు జవాబు చెప్పుకోవాల్సిన స్థితిలో పడతాడు. ఇంకోసారి కార్డు ముట్టుకోడు. మన గ్రూపుల కోసం నేను చెప్పే చేర్పు ఒకటుంది. గీతల జాబితాను నోటితో చెప్పించకండి. ముందు రోజే ఒక్కొక్కరూ విడిగా గేమ్ మాస్టర్‌కు మెసేజ్ పెట్టాలి. గేమ్ మాస్టర్ అన్నీ కలిపి, పేర్లు లేకుండా చదవాలి. కార్డును ఆట మొదలైన అరగంటలోపు గేమ్ మాస్టరే ఒకసారి చిన్న విషయానికి ముట్టుకోవాలి. ‘ఈ ఎలుకల వర్ణన చాలు, ముందుకెళ్దాం.’ అంతే. కార్డు ముట్టుకున్నా ఆకాశం ఊడిపడదని అందరూ కళ్లారా చూస్తారు. ఆ తర్వాత అవసరం పడినవాడి చెయ్యి సులువుగా కదులుతుంది.

ఇలా చేస్తే ఆట మెత్తబడిపోతుందని కొందరి వాదన. నేను దీన్ని గట్టిగా కాదంటాను. గీతలు ఎక్కడున్నాయో తెలిసిన గేమ్ మాస్టర్ మిగతా చోటంతా వెనకడుగు లేకుండా భయపెట్టగలడు. తెలియనివాడు ప్రతి మాటా తడుముకుంటాడు. స్వీడన్‌లో పుట్టిన ‘మోర్క్ బోర్గ్’ అనే ఆటలో లోకం అంతమవడం ఖాయం. ఎంత త్వరగా అన్నది మాత్రం గ్రూప్ ముందే ఎంచుకుంటుంది. కథలో తెల్లవారినప్పుడల్లా ఒక పాచిక వేస్తారు, 1 పడితే లోకానికి ఒక అరిష్టం. ఏడో అరిష్టంతో అంతా అయిపోతుంది. ఆ పాచికకు వంద ముఖాలుండాలా, ఇరవయ్యా, రెండేనా అన్నది ఆడేవాళ్ల ఇష్టం. అంతటి కటిక చీకటి ఆట కూడా మోతాదు మొదటే అడిగి మొదలవుతుంది.

లెక్క ఎవరికి తగిలింది?

గడువు పూర్తయింది, మూడు సెషన్లు అయ్యాయి. ఇప్పుడు ‘రూల్ ఎలా ఉంది?’ అని అడక్కండి. ‘బానే ఉంది’ అంటారు. అది జవాబు కాదు, మర్యాద. ఇలా అడగండి: ‘ఈ రూల్ లేకపోతే ఈ రోజు నువ్వు వేరేగా ఏం చేసేవాడివి?’ జవాబులో ఒక పని రావాలి. ‘గుహలోకి ముందు నేనే వెళ్లేవాణ్ని’ అన్నాడంటే రూల్ భయం పుట్టించింది. ‘ఏమీ మారేది కాదు’ అంటే అది కాగితం బరువు, తీసేయండి. ‘మాంత్రికుణ్ని కాకుండా యోధుణ్ని ఎంచుకునేవాణ్ని’ అంటే రూల్ ఒకరి మీదే పడుతోంది, దిద్దాలి.

రూల్ వల్ల ఎక్కువ నష్టపోయినవాడిని మొదట అడగండి, రూల్ ప్రతిపాదించినవాడిని చివర. మీరు పెట్టిన రూల్, పెద్ద దెబ్బ తింటే చెయ్యో కాలో పోయే గాయాల పట్టిక అనుకోండి. ‘రూల్ అందరికీ సమానమే, నా రాక్షసులకీ అదే వర్తిస్తోంది’ అని గేమ్ మాస్టర్ అంటే ఒక్క క్షణం ఆలోచించమనండి. రాక్షసుడు ఈ ఒక్క పోరాటం బతికితే చాలు, వాడి చెయ్యి విరిగితే గేమ్ మాస్టర్‌కు రేపు ఇంకో రాక్షసుడున్నాడు. ఆటగాడి పాత్ర ఏడాది పొడుగునా బతకాలి. ప్రతి సెషన్‌లోనూ ఆ గాయాల పట్టిక ముందు నిలబడేది అదే. కాగితం మీద సమానంగా కనిపించే రూల్ కూడా ఎక్కువ కాలం ఉండేవాళ్లకే ఎక్కువ తగులుతుంది. ఈ చూపు ఒకసారి అలవడితే అపార్ట్‌మెంట్ సంఘం నిబంధనలైనా, ఇంట్లో పనుల పంపకమైనా వేరుగా కనిపిస్తాయి.

ఒక ప్రశ్న మాత్రం ప్రతి గ్రూప్‌కూ వస్తుంది. రూల్ తీసేశాం, సరే. ఆ మూడు సెషన్లలో ఆ రూల్ వల్ల చెయ్యి పోగొట్టుకున్న పాత్ర సంగతేమిటి? వెనక్కి తిప్పేస్తే, ఆ రాత్రి అందరూ ఊపిరి బిగపట్టి చూసిన సన్నివేశం అబద్ధమైపోతుంది. తిప్పకపోతే, పనికిరాదని మనమే తేల్చిన రూల్‌కు ఒక్కడే మూల్యం కడుతున్నట్టు. దీనికి ఓటింగ్ పెట్టకండి. గేమ్ మాస్టర్ తీర్పూ వద్దు. ఆ పాత్ర ఎవరిదో వాళ్లనే విడిగా అడగండి, వచ్చే సెషన్ దాకా టైమ్ ఇవ్వండి. చెయ్యి తిరిగి కావాలంటే మారుమాట లేకుండా ఇచ్చేయండి. అలాగే ఉంచమన్నారా, మిగిలిన చేత్తో డాలు పట్టాలో కత్తి పట్టాలో కూడా వాళ్లనే చెప్పనివ్వండి.